సిన్సే కొట్టులో నాలుగో ప్రశ్న

ఒక బాలింతకి మందు రాసే ముందు మా చీనా వైద్యుడు సిన్సే నన్ను నాలుగు ప్రశ్నలు అడగమన్నారు. నేను మూడే అడిగాను. నాలుగోదానికి జవాబు నేనే చెప్పేశాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ఈ సంగతి మా నాన్నకి తెలియదు, పాదిరి గారికి తెలియదు. రోజూ రాసుకునే నా కాగితాల్లో కూడా లేదు. ఆ రోజు కాగితం మీద "వాన పడింది, జనం తక్కువ" అని ఉంది. జనం తక్కువన్నది కూడా నిజం కాదు.

ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. మన ఎస్టేటు కూలి లైన్ల నుంచి ఇద్దరు ఆడపిల్లలు క్లాంగ్‌లో ఒక చీనా మందుల కొట్టులో పనికి కుదిరారు. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి అక్క వరస కలిపి, "మరియప్పా, అక్కడ పనేటి? ఆకులు తూసి పొట్లాలు కట్టడమేనా?" అని అడిగారు. నాకు నోటితో చెప్పడం రాదు. నలుగురిలో నా పేరు చెప్పమన్నా చెప్పలేను. రాసిస్తానన్నాను. పదకొండేళ్ళు ఆ పని చేశాను. ఇరవై అయిదో ఏట కొట్టు మూతపడితే మానేశాను. ఇక చెయ్యను. కాబట్టి దాచుకోవలసింది కూడా ఏమీ లేదు.

సొరుగులు

బటాంగ్ బెర్జుంటై బజారులో, రబ్బరు షీట్లు ఎండబెట్టే షెడ్డుకి ఎదురుగా ఉండేది మా కొట్టు. చీనా వైద్యుణ్ణి అక్కడ అందరూ సిన్సే అనేవారు. ఆయన అసలు పేరు నేను ఎప్పుడూ పలకలేదు. మా నాన్నకి ఎద్దుబండి ఉండేది. రేవు నుంచి లారీలో వచ్చిన మందుల పెట్టెలను కొట్టుకి చేర్చేవాడు. ఒకరోజు సిన్సే నాన్నని అడిగారట: "మీ వాళ్ళు వచ్చి పొట్ట చూపిస్తారు, తల చూపిస్తారు, మూలుగుతారు. నాకేమీ అర్థం కాదు. మీ ఇంట్లో మలాయ్ భాష వచ్చిన పిల్ల ఎవరైనా ఉందా?" నాన్న ఆలోచించకుండా నా పేరు చెప్పేశాడు. ఇంటికొచ్చి, "ఎలాగూ నోరిప్పవు, అక్కడైనా ఇప్పుతావేమో" అన్నాడు. పద్నాలుగేళ్ళకి అలా చేరాను. సిన్సే నన్ను అమోయ్ అనేవారు, వాళ్ళలో ఆడపిల్లని అలా పిలుస్తారు.

లోపల అడుగు పెట్టగానే ముందు వాసన వచ్చేది. అతిమధురం, ఎండు కమలా తొక్క, దాల్చిన చెక్క, వాటి అడుగున ఎక్కడో తడి మట్టి. గోడంతా సొరుగులు. ఒక్కొక్క సొరుగులో మూడు నాలుగు అరలు. పైన చీనా అక్షరాలు రాసి ఉండేవి. నాకు ఒక్క అక్షరం రాదు. సిన్సే భార్యని అందరూ అ-సో అని పిలిచేవారు. నాకు అసలు పని నేర్పింది ఆవిడే. నా కళ్ళకి తుండుగుడ్డ కట్టి, ముక్కు దగ్గర ఒక్కొక్క వేరూ పెట్టి అడిగేది. తప్పు చెబితే ఆ వేరు ముక్క నమలమనేది. కొన్ని చేదులు ఇప్పటికీ నా నాలుక మీద ఉన్నాయి. మూడు నెలల తర్వాత అక్షరాలతో పని లేకుండానే ఏ సొరుగులో ఏముందో చెప్పగలిగాను.

అక్కడ మన ఇళ్ళల్లో ఉండేవి చాలానే కనబడ్డాయి. శొంఠి, లవంగం, అతిమధురం, ఎండిన చేమంతి పూలు. మనకి తెలియనివీ ఉన్నాయి. చిమ్మటలు చెట్లకి విడిచిపెట్టిన పొట్టు డబ్బాలో పెట్టి ఉంటే మొదటిరోజు కెవ్వుమన్నాను. అ-సో నవ్వి, గుప్పెడు తీసి నా అరచేతిలో పోసింది. కాళ్ళు, మట్టి తీసేసి పొట్టు మాత్రం ఉంచమంది. ఆ ఏడాదంతా నా పని అదే.

సిన్సే చిన్న కర్ర త్రాసుతో తూచేవారు. కౌంటరు మీద కాగితాలు వరసగా పరిచి, ఒక్కొక్క మందూ అన్నిటి మీదా సమంగా పంచేవాళ్ళం. పొట్లం కట్టే ముందు సిన్సే ప్రతి కాగితం దగ్గరా ఆగి, తను రాసిన చీటీతో సరిచూసేవారు. ఎంత తొందరలో ఉన్నా ఈ పని మానలేదు. ఆఖరున ప్రతి పొట్లం మీదా ఒక ఉప్పు రేగుపండు పెట్టేవారు, మందు తాగాక చేదు పోవడానికి. మన వాళ్ళ పిల్లలు ఆ పండు కోసమే జ్వరం తెచ్చుకునేవాళ్ళు.

చిరిగిన పొట్లాల కాగితాలు నేను తీసుకునేదాన్ని. వాటి వెనక రోజూ నాలుగు ముక్కలు రాసుకునేదాన్ని. అ-సో చూసి, "మీ వాళ్ళ రాత గుండ్రంగా మిరియాల్లా ఉంది" అంది. అంతకు మించి ఏమీ అడగలేదు.

వేడి, చలవ

మీరు అక్కడ మొదట తెలుసుకోవలసింది ఇది. చీనా వైద్యంలోనూ మనలాగే వేడి, చలవ ఉన్నాయి. అందుకే మన వాళ్ళు దొరల ఆసుపత్రి కంటే సిన్సేని తొందరగా నమ్మారు. అక్కడ మందిచ్చే డ్రెస్సరుతో "ఒళ్ళు వేడి సేసినాది" అంటే థర్మామీటరు నోట్లో పెట్టి, జ్వరం లేదు పొమ్మంటాడు. సిన్సే తల ఊపుతారు. నాలుక చూపించమంటారు, రెండు చేతుల మణికట్ల మీదా మూడేసి వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకుంటారు. తనని ఒకరు అంతసేపు పట్టించుకోవడమే మన వాళ్ళకి సగం మందు.

కానీ రెండు లెక్కలూ ఒకటి కావు. మనకి బొప్పాయి వేడి, సిన్సేకి చలవ. మనకి కమలాపండు జలుబు చేస్తుంది, సిన్సే లెక్కలో అది వేడి. మజ్జిగ అంటే ఏమిటో ఆయనకి తెలియనే తెలియదు. నేను మొదట్లో మాటకి మాట చెప్పేసి పని అయిపోయిందనుకునేదాన్ని. "వేడి చేసేవి తినకూడదు" అని చెప్పి పంపితే, మనిషి ఇంటికెళ్ళి కమలాపళ్ళు తినేవాడు. ఏ వస్తువో పేరు పెట్టి చెప్పాలి. ఇది నాకు తెలియడానికి ఏడాది పట్టింది.

అప్పన్న కుండ

అప్పన్న అని ఒక మనిషి, రబ్బరు చెట్లకి గీత గీసి పాలు తీసే పనివాడు, నాలుగు రోజులుగా కడుపు కదలడం లేదని వచ్చాడు. సిన్సే విరేచనానికి వాడే రేవలచిన్ని వేసి మూడు పొట్లాలిచ్చారు. రోజుకొకటి. మట్టికుండలో మూడు గిన్నెల నీళ్ళు పోసి, ఒక గిన్నెకి కాస్త తక్కువ మిగిలేదాకా కాచాలి. ఇనప పాత్ర పనికిరాదు. అన్నీ వివరంగా చెప్పాను.

మర్నాడు ఆ లైన్లో సగం మంది పనికి వెళ్ళలేదు. మేస్త్రి కొట్టు ముందుకొచ్చి కేకలేశాడు. వెనకాల అప్పన్న, తప్పు చేసినవాడిలా కాదు, దానం చేసినవాడిలా నిలబడ్డాడు.

"మూడు పొట్లాలూ ఒకేసారి కాసీసినావా మావా?" అన్నాను.

"మరి? మంచి మందని నువ్వే సెప్పినావు గదే గుంటా. మంచిది నానొక్కడినే ఎలాగ తాగుతాను? కుండెడు కాసినాను. ఇంటికో గలాసు ఇచ్చినాను. మేస్త్రి తల్లికి రెండు."

"ఆవిడకి రెండెందుకు?"

"పెద్దది గదా."

మేస్త్రి అప్పన్న వైపు చూశాడు. "మా అమ్మ పొద్దుట్నించి రబ్బరు సెట్ల కాడే కూకుంది. ఇంటికి రానంతాది" అన్నాడు.

నేను మలాయ్‌లో చెప్పేసరికి సిన్సే కలం కింద పెట్టి, కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకున్నారు. లోపల అ-సో నవ్వు ఆపుకోలేక దగ్గింది. జనం వెళ్ళాక సిన్సే నాతో అన్నారు: "ఎలా కాయాలో చెప్పావు. ఎవరు తాగాలో చెప్పలేదు." నిజమే. మన ఇళ్ళల్లో కషాయం కాస్తే ఇంటిల్లిపాదికీ కాస్తాం. ఒక మనిషికి ఒక మందు అన్నది మనకి అలవాటు లేదు. ఆ రోజు నుంచి ప్రతి పొట్లం మీదా ఆ మనిషి పేరు తెలుగులో రాసి ఇచ్చాను. చదవడం రాని వాళ్ళు కూడా తమ పేరున్న కాగితాన్ని ఇంకొకరికి ఇచ్చేవారు కాదు.

సిన్సే గురించి ఇంకొక మాట. చలిజ్వరం వాళ్ళు వస్తే ఆయన చెయ్యి పట్టుకుని చూసి ఆసుపత్రికి పంపేసేవారు. "నా దగ్గరా మందుంది. డ్రెస్సరు దగ్గరున్న చేదు మందు దానికంటే తొందరగా పనిచేస్తుంది. ఇది తొందర కావలసిన జ్వరం" అనేవారు. తన సొరుగుల్లో ఏది లేదో తెలిసిన వైద్యుణ్ణి నమ్మండి. ప్రతి రోగానికీ ఒక సొరుగు తెరిచేవాళ్ళని ఆ తర్వాత క్లాంగ్‌లో చూశాను. అక్కడ మీకు అలాంటి వాళ్ళు తగిలితే, పని చెయ్యండి గానీ పని నేర్చుకోకండి.

మూడు ప్రశ్నలు

పోలమ్మ మా పక్క గదిలో ఉండేది. నా ఈడుదే. కొత్తగా పెళ్ళయి ఆ లైనుకి వచ్చింది. లైన్లో రెండు గదుల మధ్య చెక్కగోడే. వాళ్ళ ఇంట్లో ఎవరు తుమ్మినా మాకు వినబడేది. ఆమె పురుడు పోసుకున్న మర్నాడే వాళ్ళ అత్త గౌరమ్మ కాయం దంచింది. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, వాము, బెల్లం, నువ్వుల నూనె. ఆ రోకటి చప్పుడుకి మా గోడ మీద దువ్వెన కింద పడింది. ఆ ఘాటుకి మా ఇంట్లో అందరం తుమ్మాం. ఉండలు చేసి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి బాలింతకి పెడతారు. మనలో పెట్టని ఇల్లు లేదు.

పన్నెండో రోజున గౌరమ్మ, పోలమ్మ మొగుడు సన్యాసి కొట్టుకి వచ్చారు. మధ్యాహ్నం. వాన కురుస్తోంది. రబ్బరు పాల బకెట్లు పెట్టుకుని పదిమంది మగవాళ్ళు మా వరండాలో తలదాచుకున్నారు. వాళ్ళకి చూడ్డానికి కౌంటరు తప్ప ఇంకేమీ లేదు.

గౌరమ్మ నా చెవి దగ్గరికి వంగి, పోలమ్మకి రక్తస్రావం ఇంకా ఆగలేదనీ, కడుపునొప్పి అంటోందనీ చెప్పింది. సిన్సే విని లేచి గొడుగు తీసుకున్నారు. "పద, వెళ్ళి నాడి చూస్తాను."

గౌరమ్మకి చెప్పాను.

"ఏటి మాటలే ఇవి" అంది. "ఇరవై ఒక్క రోజు అవకుండా పరాయి మగోడు బాలింత గది గడప తొక్కుతాడా? మందు కట్టమను. సాలు."

సిన్సే గొడుగు పక్కన పెట్టారు. చూపుడు వేలు ఎత్తి ఒకటొకటిగా చెప్పారు. "నాలుగు అడుగు. రక్తం ఏ రంగు? గడ్డలు పడుతున్నాయా? పొట్ట నొక్కితే నొప్పి తగ్గుతుందా, పెరుగుతుందా? వేడి చేసేవి ఏమైనా తింటోందా, అల్లం, మిరియాలు, సారా లాంటివి?"

మొదటి మూడూ అడిగాను. ఎలా అడిగానో నాకే తెలియదు. పెళ్ళికాని పిల్లని. గౌరమ్మ జవాబు గుసగుసగానే చెప్పింది గానీ ఆవిడ గుసగుస వరండా దాకా వెళుతుంది. నల్లగా ఉందట. గడ్డలు పడుతున్నాయట. పొట్ట ముట్టుకోనివ్వడం లేదట. వరండాలో తలలు మావైపు తిరిగాయి. ఒకడు గొంతు సవరించుకున్నాడు. ఆ మూడు జవాబుల్నీ నేను సిన్సేకి మలాయ్‌లో, కౌంటరు చెక్కని చూస్తూ చెప్పాను.

నాలుగోది మిగిలింది. అది అడిగితే గౌరమ్మ ఏమంటుందో నాకు తెలుసు. "మా ఇంటి కాయం సంగతి సీనావోడికెందుకే" అని గొంతెత్తుతుంది. మళ్ళీ అందరూ చూస్తారు. ఇంకొక్క క్షణం అక్కడ నిలబడలేననిపించింది.

"తాక్ అడ" అన్నాను. ఏమీ లేదు అని.

సిన్సే నా ముఖంలోకి చూశారు. "తింటోందా, లేదా?"

"ఏమీ తినడం లేదు."

ఆయన చీటీ రాశారు. తోంగ్ క్వై అని ఒక వేరు ఉంది, ఆడవాళ్ళకి వాడేది, ఆగిన రక్తాన్ని కదిలిస్తుంది. దానితో పాటు కాల్చిన అల్లం, ఇంకో మూడు రకాలు. ఆ మూడు జవాబులకీ అది సరైన మందే. సొరుగులు తెరిచి తీసింది నేనే. కాగితాల మీద పంచింది నేనే. పోలమ్మ పేరు నా చేతులతో రాశాను.

ఆ తర్వాత

మూడో రోజు పొద్దున పోలమ్మని మా నాన్న బండిలోనే ఎస్టేటు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రక్తం వరదలా పోయిందని చెప్పారు. కాయం వేడి మీద మందు వేడి పడింది. ఆ మాట ఎవరూ అనలేదు, అనడానికి తెలిసింది నాకొక్కదానికే. తొమ్మిది రోజుల తర్వాత ఆమె బతికి ఇంటికి వచ్చింది. ముఖం తెల్ల కాగితంలా ఉంది. పదడుగులు నడిస్తే గోడ పట్టుకునేది.

సన్యాసి కొట్టుకి వచ్చాడు. సిన్సే ఎదురుగా నిలబడి నాతో అన్నాడు: "నీ మందు నా ఆడదాన్ని తోడీసినాదని సెప్పు ఈడికి. ఒక్క ముక్క తగ్గించకుండా సెప్పు."

తగ్గించకుండా చెప్పాను. జీవితంలో మొదటిసారి తడబడకుండా మాట్లాడాను. అదీ ఆ మాట కోసం.

సిన్సే విన్నారు. "పాలు పడుతున్నాయా అడుగు" అన్నారు.

"ఎండిపోనాయి" అన్నాడు సన్యాసి.

"పిల్ల ఎవరి పాలు తాగుతోంది?"

"మా వదిన పాలు."

సిన్సే తల ఊపారు. ఇంకేమీ అడగలేదు, తనని సమర్థించుకోలేదు. సన్యాసి మెట్టు మీద ఉమ్మి వెళ్ళిపోయాడు. అ-సో నీళ్ళు తెచ్చి తనే కడిగింది. నేను గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను. "పో, చిమ్మట పొట్టు ఏరు" అంది. "చేతిలో పనుంటే కంట్లో నీళ్ళు రావు."

అప్పుడే చెప్పవలసింది. రేపు చెబుదామనుకున్నాను. మన లైన్ల వాళ్ళు ఆ కొట్టుకి రావడం మానేశారు. "సీనా మందు రక్తం కరిగించీస్తాది" అని పక్క ఎస్టేట్ల దాకా పాకింది. నేను కౌంటరు దగ్గర పని లేక నిలబడేదాన్ని. సిన్సే నన్ను తీసెయ్యలేదు. నాడి చూడకుండా ఏ ఆడమనిషికీ మందు రాయనని మాత్రం నియమం పెట్టుకున్నారు. ఆయన తన మీద వేసుకున్న శిక్ష అది. ప్రతి రేపూ ఇంకొక రేపు అయింది. సిగ్గు అని పేరు పెట్టుకున్నాను గానీ, నిజం చెప్పాలంటే భయం. చెబితే పంపేస్తారని భయం. ఆ సొరుగులు, ఆ వాసన, నాకు ఇంకెక్కడా దొరకని ఆ మూల, అవి పోతాయని.

అడగడం

దగ్గు పగని ఆపుతుంది. ఏడాది తిరిగేసరికి మొదట వచ్చింది గౌరమ్మే. "మనిషి మీద కోపం గానీ మందు మీద కోపమేటి" అంటూ ఏమీ జరగనట్టు బల్ల మీద కూర్చుంది.

ఆ రోజు నేను కౌంటరు దాటి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. "పిన్నీ, పొద్దుట లేచిన కాడి నుంచి ఏటేటి తింటన్నావో అన్నీ సెప్పు. చుట్ట, సారాతో సహా."

"ఏటే, పోలీసోడిలాగ."

"సెప్పకపోతే మందు కట్టను."

"ఒలే, నోరొచ్చినాదే దీనికి" అని వరండాలో వాళ్ళని పిలిచి మరీ చెప్పింది. నా చెవులు కాలాయి. అయినా లేవలేదు. చివరికి చుట్టలు నాలుగు, మిరియాల కషాయం రెండు పూటలు, దగ్గుకి ఎవరో ఇచ్చిన నాటుమందు ఒకటి బయటపడ్డాయి. అన్నీ సిన్సేకి చెప్పాను. ఆయన రాసిన చీటీలో రెండు కొట్టేసి మళ్ళీ రాశారు.

ఆ తర్వాత నన్ను లైన్లలో "అడిగే గుంట" అనేవారు. మీరూ ఆ పేరు తెచ్చుకోండి. మన వాళ్ళు ఇంట్లో తినేదాన్ని మందు అనుకోరు. "మందేదైనా వాడుతున్నావా" అంటే లేదంటారు, అది అబద్ధం కాదు. కాయం మందు కాదు, పత్యం మందు కాదు, అమ్మమ్మ నూరి పోసింది మందు కాదు. కాబట్టి ఒక్కొక్క పేరూ మీరే అడగాలి. మగవాళ్ళు చుట్టూ ఉంటే ఆడవాళ్ళని వెనక పెరట్లోకి తీసుకెళ్ళి అడగండి. ఆ పెరటి దారి నేను వెతకడానికి ఆరేళ్ళు పట్టింది. అది మొదటి నుంచీ అక్కడే ఉంది.

ఒకరోజు సిన్సే అన్నారు: "ఇప్పుడు నాకంటే నువ్వే ఎక్కువ అడుగుతున్నావు." నేను తల వంచుకుని త్రాసు తుడిచాను.

ఓడ జాబితా

రబ్బరు ధర పడిపోయిన రోజుల్లో ఎస్టేట్లలో పేర్లు రాసుకుని కూలీలని ఓడలెక్కించి ఊళ్ళకి పంపేశారు. సరిగా పని చెయ్యలేనివాళ్ళ పేర్లు ముందు రాశారు. పోలమ్మ మళ్ళీ గీత కత్తి పట్టలేకపోయింది. మొగుడి పేరు, ఆమె పేరు, రెండూ జాబితాలోకెక్కాయి.

వెళ్ళే ముందు ఒకరోజు తనే నడిచి కొట్టుకి వచ్చింది. ఓడ ప్రయాణానికి ఒంట్లో బలం కావాలంది. సిన్సే ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు ఉన్నారు. ఎప్పుడూ అంతసేపు చూడలేదు. ఏడు పొట్లాలకి రాశారు. నేను కడుతూ, రెండేళ్ళుగా అడగలేనిది అడిగాను.

"పోలీ, పురిట్లో నీకు మందు పట్టినప్పుడు కాయం కూడా పెట్టినారా?"

"పెట్టక? బాలింతకి కాయం మానుతారా ఎవలైనా? కడుపునొప్పి అంటే మా అత్త మూడో ఉండ కూడా పెట్టినాది." పొట్లాలు ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసింది. "ఎందుకే మరియా?"

"ఊరికే."

"నువ్వు ఊరికే ఏదీ అడగవు" అని నవ్వింది. లేచి గోడ పట్టుకుని మెట్టు దిగింది. పిల్ల బయట వరండాలో ఆడుకుంటోంది. దానికి మా దగ్గరున్న ఉప్పు రేగుపళ్ళు అన్నీ ఇచ్చేశాను. ఆ రోజు సంగతి కూడా నా కాగితాల్లో రాయలేదు.

స్వెట్టెన్‌హామ్ లారీ

మరి నాలుగేళ్ళకి సిన్సే కళ్ళకి పొర కమ్మింది. చీటీ ముక్కుకి ఆనించి చదివేవారు. అ-సో ముందే చీనాలోని తమ ఊరికి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు నా చేతులు వాసన చూసి, "ఇంక ఈ వాసన పోదు" అంది. సొరుగుల బీరువాని క్లాంగ్ వాళ్ళు కొనుక్కున్నారు. మీరు రేపు తెరవబోయేవి ఆ సొరుగులే. ఎడమ వైపు కింది వరసలో రెండోది బిగుసుకుంటుంది, కొంచెం పైకెత్తి లాగాలి.

ఆయన కూడా ఓడ ఎక్కడానికి స్వెట్టెన్‌హామ్ రేవుకి వెళ్ళే రోజు పొద్దున కొట్టు ఖాళీగా ఉంది. గోడ మీద బీరువా ఉన్న మేర సున్నం తెల్లగా కనిపిస్తోంది. చెప్పవలసిన వాక్యం మూడు రోజుల ముందు నుంచీ మలాయ్‌లో వల్లె వేసుకున్నాను. చిన్న వాక్యమే. ఆ రోజు నేను నాలుగో ప్రశ్న అడగలేదు, ఆమె కాయం తింటోందని నాకు తెలుసు, అంతే.

లారీ వచ్చి ఆగింది. డ్రైవరు ట్రంకు పెట్టె ఎక్కించాడు. సిన్సే చెయ్యి చాచి తలుపు అంచు కోసం తడుముకుంటుంటే, నేను ఆ చెయ్యి పట్టుకుని మెట్టు మీద పెట్టాను. ఎక్కి కూర్చున్నారు. నేను చెయ్యి వదలలేదు.

"సిన్సే, ఆ బాలింత" అన్నాను. వల్లె వేసుకున్న వాక్యం అక్కడే ఆగిపోయింది.

ఆయన నా వైపు తిరిగారు. నేను ఎక్కడున్నానో ఆ కళ్ళకి ఎంతవరకు కనబడిందో తెలియదు. నా మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించారు, నాడి చూసేటప్పుడు ఆనించినట్టే. అప్పుడు అన్నారు:

"ఆ బాలింత విషయంలో నీ తప్పేమీ లేదు, అమోయ్. నాడి చూడకుండా మందు రాసింది నేను. ఎవరైనా అడిగితే అలాగే చెప్పు."